ఇంటి గుట్టూ, డాక్టరు ప్రశ్నలూ

జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు పక్కకు పిలిచి తావీజు అడగడం మాకు కొత్త కాదు. మేము తావీజులు రాసేవాళ్ళం కాదు, పిల్లలకు ఉర్దూ, అరబ్బీ చెప్పుకొని బతికేవాళ్ళం అంటే నమ్మరు. గడ్డం, టోపీ చూసి అడుగుతారు. కొన్నేళ్ళ క్రితం మా మల్లాపూర్‌లో ఒక శుక్రవారం ఇలాగే ఒకాయన చేయి పట్టుకున్నాడు. నాచారం పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ పని చేసుకొనే మనిషి. “మౌల్సాబ్, మా పెద్దమ్మాయికి ఏదో సాయా తగిలింది. పొద్దున నవ్వుతూ లేస్తుంది, పొద్దుగూకేలోపు ఇల్లు కిందామీదా చేస్తుంది. నిన్న చేతికి గాయం కూడా చేసుకొంది. ఏదైనా రాసివ్వండి” అన్నాడు. ఆయన గొంతు వణుకుతోంది.

ఆ అమ్మాయి ఎవరో కాదు, మా దగ్గర చదువుకొన్న పిల్లే. పదహారేళ్ళ వయసులో మమ్మల్ని ఆకాశానికెత్తేది. ఇలాంటి ఉస్తాద్ దునియాలో లేడని అందరితో చెప్పేది. రంజాన్ నెలంతా మా ఇంటికి ఇఫ్తారీ పళ్ళెం పంపించింది. ఒకసారి వక్తృత్వ పోటీకి ఆమెను కాక మరొక పిల్లను పంపించాము. మరునాడు వచ్చి మా ముందే నోటుబుక్కు చించి, “మీరూ అందరిలాంటివారే, నన్ను వదిలించుకోవాలని చూస్తున్నారు” అని అరిచింది. మరి రెండు రోజులకు ఏడుస్తూ క్షమాపణ అడిగింది. మేము ఏమి చేశాము? తండ్రిని పిలిపించి, “పిల్లకు నోటి దురుసు ఎక్కువ, పెంపకంలో లోపం ఉంది” అన్నాము. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము. ఆమె చెప్పిన వాక్యంలోనే జబ్బు ఉంది. “నన్ను వదిలించుకోవాలని చూస్తున్నారు” అన్నది. మాకు వినిపించింది దురుసుతనం ఒక్కటే.

ఈ జబ్బును డాక్టర్లు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. తెలుగులో సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత అని రాస్తున్నారు. పేరు విని ఇదేదో కొద్దిపాటి జబ్బు, అటూ ఇటూ కానిది అనుకొంటారు, అది పొరపాటు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా వైద్యుడు, మామూలు మనోవ్యాధికీ మతి పూర్తిగా తప్పే వ్యాధికీ నడుమ సరిహద్దులో ఉన్నట్లు కనిపించే రోగులకు ఆ పేరు పెట్టాడు. ఆ అభిప్రాయం తర్వాత మారిపోయింది గాని పేరు మాత్రం అతుక్కుపోయింది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగాల పట్టికలో మొదటిసారి దీనిని చేర్చింది.

జబ్బు వేరు విడిచిపెట్టిపోతారనే భయంలో ఉంటుంది. తల్లి ఫోను ఎత్తకపోతే, స్నేహితురాలు వేరొకరితో నవ్వితే, మనకు అది చిన్న విషయం. వాళ్ళకు మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్లే. ఒకరిని ఫరిష్తా అంటారు, సాయంత్రానికి అదే మనిషిని షైతాన్ అంటారు. అబద్ధం చెప్పడం లేదు, ఆ ఘడియలో వాళ్ళకు అలాగే తోస్తుంది. మనసు గంట గంటకూ మారుతుంది. లోపల ఏదో ఖాళీ. తాము ఎవరో, ఏమి కావాలో నిలకడగా తెలియదు. పట్టరాని కోపం, ఆ తర్వాత అంతకు మించిన సిగ్గు. ఆ బాధ ఓర్చుకోలేక కొందరు తమను తామే గాయపరుచుకొంటారు. “బెదిరించడానికి చేస్తోంది” అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసుకొంటారు. ఈ జబ్బుతో ప్రాణం తీసుకొనేవారు ఉన్నారు, కాబట్టి తేలిగ్గా తీసుకోరాదు.

ఉర్దూలో రోగ నిర్ధారణను తష్ఖీస్ అంటాము. వ్యక్తిత్వాన్ని షఖ్సియత్ అంటాము. రెండూ షఖ్స్ అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవే, అంటే మనిషి. మదర్సాలో ధాతువులు వల్లె వేసే రోజుల్లో ఈ సంగతి మాకు పట్టలేదు. ఈ జబ్బు విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. దీన్ని పట్టుకొనే రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. మనిషిని తెలుసుకోవడమే తష్ఖీస్. పట్టికలో తొమ్మిది లక్షణాలు రాశారు, వాటిలో కనీసం ఐదు ఉండాలి. అవి నిన్న మొన్న మొదలైనవి కాకుండా యౌవనం నుంచి వస్తూ, ఇంట్లో, చదువులో, పనిలో అన్నిచోట్లా కనిపించాలి. పద్ధెనిమిది ఏళ్ళు నిండని పిల్లల విషయంలో డాక్టర్లు ఈ పేరు పెట్టడానికి మరింత ఆలోచిస్తారు, ఆ వయసులో మనసు ఎలాగూ నిలకడగా ఉండదు కనుక. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పట్టికలోనైతే ముందు వ్యక్తిత్వ రుగ్మత ఎంత తీవ్రంగా ఉందో చూడమన్నారు, ఆ తర్వాతే బోర్డర్‌లైన్ తీరు ఉందో లేదో రాయమన్నారు.

దీన్ని బైపోలార్ అనే జబ్బుతో కలిపేయడం తరచుగా జరుగుతుంది. అందులోనూ మనసు ఎగసి పడుతుంది, కాని ఆ పోటు రోజులూ వారాలూ ఉంటుంది, బయట కారణం లేకుండా కూడా వస్తుంది. ఇందులో గంటల్లో మారుతుంది, ఎవరో అన్న మాటకో, అనుకొన్న మాటకో మారుతుంది. ఈ తేడా పది నిమిషాల్లో ఏ డాక్టరుకు తెలుస్తుంది? పక్కనున్నవాళ్ళు చెప్పాలి. చెప్పవలసినవాళ్ళే దాస్తే?

మా శిష్యురాలి విషయంలో అదే జరిగింది. ఆ శుక్రవారం మేము తండ్రితో, “రాసివ్వడానికి మా దగ్గర ఏమీ లేదు, డాక్టరు దగ్గరికి పదండి, మేమూ వస్తాము” అన్నాము. మొదటి డాక్టరు ముందు తల్లి, “నిన్నటిదాకా బాగానే ఉంది సాబ్” అంది. ఆయన నిద్రమాత్రలు రాశాడు. రెండో డాక్టరు బైపోలార్ అన్నాడు, మాత్రలు మార్చాడు, అమ్మాయి ఆరు నెలలు మత్తుగా తిరిగింది. మూడో చోట ఒక డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టింది. ఎప్పటి నుంచి, దేనికి, ఎన్నిసార్లు అని అడిగింది. తల్లి మళ్ళీ అదే పాట. వెనక బెంచీ మీద బురఖాలో కూర్చున్న నానీ అప్పుడు లేచింది. “బేటీ, డాక్టరమ్మ దగ్గర కూడా దాస్తే ఇంకెవరికి చెబుతావు? ఎనిమిదో తరగతి నుంచీ దీని చేతుల మీద గీతలు నేను చూస్తున్నాను. తొమ్మిదేళ్ళప్పుడు దీన్ని ఏడాది పాటు చుట్టాలింట్లో వదిలేశారు, అక్కడ ఏమి జరిగిందో ఇది ఇవాళ్టికీ చెప్పదు” అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి నానీ చేయి పట్టుకొని ఏడ్చింది. జబ్బు పేరు తెలియడానికి ఆ తర్వాత ఇంకా మూడు నాలుగు కలయికలు పట్టాయి గాని, దారి తెరుచుకొన్నది మాత్రం అక్కడే.

తల్లిని మేము తప్పుపట్టడం లేదు. చిన్నమ్మాయికి అప్పుడే ఒక మంచి రిష్తా వచ్చింది. అక్కకు పిచ్చి అని తెలిస్తే పెళ్ళి చెడిపోతుంది, ఖాందాన్ బద్‌నామ్ అవుతుంది. మన ఊళ్ళో “ఎర్రగడ్డకు పంపాలి” అన్నది తిట్టుమాట. ఇక రెండో భయం పోలీసులది. గాయంతో ఆసుపత్రికి వెళితే కేసు అవుతుందని ఇంట్లోనే గుడ్డ చుట్టి కూర్చోబెట్టేవాళ్ళు ఎందరో. ఆ భయానికి ఇప్పుడు చోటు లేదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించరాదు, చికిత్స ఇవ్వాలి. పాత 309 సెక్షను కూడా 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు.

మూడో భయం మా వంటివాళ్ళు పెట్టినది. ఆత్మహత్య హరామ్ అని మింబర్ మీది నుంచి చెబుతాము, అది మన ధర్మమే. కాని రాత్రంతా చావు ఆలోచనలతో పెనుగులాడిన పిల్ల ఎదుట కూర్చున్నప్పుడు మొదటి మాటగా దాన్నే అంటే, ఆమె ఇంకెప్పుడూ నోరు విప్పదు. ఆ పిల్ల గుణాహ్ అని తెలియక చేయలేదు.

ఆమిల్‌ల సంగతి కూడా చెప్పక తప్పదు. వేలకు వేలు తీసుకొని, పొగ వేసి, కొట్టి “దించేవాళ్ళు” మన చుట్టూ ఉన్నారు. దుఆ చేయించుకోవద్దని మేము అనము, మేమూ చేస్తాము. దుఆకు ఆసుపత్రితో తగాదా లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా నీడలో నయమవుతుందని నమ్మి బంధువులు వదిలివెళ్ళిన రోగులున్న ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకొంది. గొలుసులతో కట్టి ఉంచడం వల్ల పారిపోలేక 28 మంది మరణించారు. 2017 చట్టం మనోరోగులను ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని చెప్పింది. మనోవైద్యం పరాయివాళ్ళ విద్య అనేవారికి ఒక సంగతి. 934లో మరణించిన బల్ఖ్ నగరపు అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరానికి ఉన్నట్లే మనసుకూ ఆరోగ్యం, అనారోగ్యం ఉంటాయని, రెండింటికీ కలిపి అరబ్బీలో ఒక గ్రంథమే రాశాడు. మన పెద్దలు వెయ్యేళ్ళ క్రితం ఒప్పుకొన్నదాన్ని మనం ఇప్పుడు కాదంటున్నాము.

ఇది నయమవుతుందా అని ఆ నానీ డాక్టరమ్మను అడిగింది. అవుతుంది. అమెరికాలో బోస్టన్ దగ్గరి మెక్‌లీన్ ఆసుపత్రిలో మేరీ జనరీని బృందం 290 మంది రోగులను పదేళ్ళు గమనించింది. 100కు 93 మందిలో లక్షణాలు కనీసం రెండేళ్ళపాటు అణిగిపోయాయి. ఐతే చదువో ఉద్యోగమో, స్నేహాలో నిలబెట్టుకొని పూర్తిగా కోలుకొన్నవారు సగం మందే. ఈ రెండో అంకెను కూడా చెప్పాలి, లేకపోతే ఆశ పెట్టి మోసం చేసినట్లవుతుంది. మార్షా లైన్‌హాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో పదిహేడేళ్ళ వయసులో ఆసుపత్రి పాలైంది. డాక్టర్లు వేరే జబ్బు పేరు పెట్టి, కరెంటు షాకులు ఇచ్చారు. తర్వాత చదువుకొని, ఈ జబ్బుకే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను ఆవిడే తయారుచేసింది. 2011లో అదే ఆసుపత్రికి వెళ్ళి నలుగురి ముందూ తన కథ చెప్పింది. ఈ జబ్బును నేరుగా తగ్గించే మాత్ర లేదు. మాత్రలు పక్కనే ఉండే దిగులుకో, ఆందోళనకో ఇస్తారు. అసలు చికిత్స మాటలతో, వారం వారం, నెలల తరబడి.

ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి కోడలి మీదనో, పక్కింటి పిల్ల మీదనో ఈ పేరు అంటించవద్దు. కోపిష్టి అయిన ప్రతి ఆడమనిషీ రోగి కాదు. అత్తింటి హింసకు ఏడ్చే మనిషికి కావలసింది వేరే సాయం. మగపిల్లల్లో కూడా ఈ జబ్బు ఉంది, కాని వాళ్ళను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకుపోరు. “గరం దిమాగ్” అని వదిలేస్తారు, వాడు బండి వేగంలోనో, తాగుడులోనో తేలతాడు.

వెళ్ళదలచినవారికి దారి దూరం కాదు. గాంధీ ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు పోవాలంటే మల్లాపూర్ నుంచి హబ్సిగూడ దాకా ఆటో, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు. ఎవరికీ ముఖం చూపించలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అది, డబ్బు పడదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఫోను కోసం చూడకుండా దగ్గరి ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోవాలి, మనిషిని ఒంటరిగా వదలరాదు. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకొని పోవాలి. ఎప్పుడు మొదలైంది, దేనికి రేగుతుంది, ఎంతసేపు ఉంటుంది, చిన్నతనంలో ఏమి జరిగింది, ఇంతకుముందు ఏ మాత్రలు వాడారు.

మా శిష్యురాలు ఇప్పుడు కుట్టుపని చేస్తోంది, ఒక ప్రైవేటు డిగ్రీకి ఫీజు కట్టుకొంది. చెల్లెలి పెళ్ళి అదే రిష్తాతో జరిగింది. అబ్బాయి తల్లికి సంగతంతా చెప్పింది నానీయే. నెలలో ఒకటి రెండు సాయంత్రాలు ఇంకా కష్టంగానే గడుస్తాయట. అలాంటి సాయంత్రం ఒకటి పోయిన రంజాన్‌లో వచ్చింది. మా ఇంటికి ఫోను చేసి, “ఉస్తాద్, ఇవాళ మీరంతా నన్ను వదిలేశారనిపిస్తోంది. అది నిజం కాదని తెలుసు, అయినా చెబుతున్నాను” అంది. మా ఇంటివారు ఇఫ్తారీ మూటగట్టుకొని వాళ్ళింటికి వెళ్ళారు, మేము తరావీహ్ అయ్యాక వెళ్ళాము.