మన అర్జీ ఎవరి మాటల్లో?

'హక్కు' అన్న మాట అరబ్బీ నుండి వచ్చింది. సత్యం అనీ, న్యాయంగా దక్కవలసిన వాటా అనీ దానికి రెండర్థాలున్నాయి. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, వకీలు, రాజీనామా, జిందాబాద్ మొదలైనవి అరబ్బీ, పారసీ భాషల నుండి దక్కనీ మీదుగా తెలుగులో స్థిరపడిన మాటలే. 'రైతు' సైతం 'రయ్యత్' రూపాంతరమే. 'ఇంకిలాబ్ జిందాబాద్' అన్న నినాదాన్ని 1921లో దేశానికి అందించినవాడు మౌలానా హస్రత్ మోహానీ. ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీలు కూలి రేట్ల కోసం ఆ నినాదం ఎత్తుకున్నప్పుడు అది ఏ మతస్థుని మాట అని ఎవరూ అడగరు.

తెలుగు రాజకీయ భాషకు ఇంతటి సంపదనిచ్చిన సమాజం తన గోడు తాను చెప్పుకొనే వేళకు మాత్రం పరుల మాటలను అరువు తెచ్చుకుంటున్నది. 'బుజ్జగింపు' అన్న మాటనే తీసుకుందాం. బుజ్జగించేది ఏడ్చే పసిపిల్లను. ఒక పౌరునికి చట్టప్రకారం రావలసినది ఇచ్చినప్పుడు దానిని బుజ్జగింపు అనడమంటే ఆ పౌరుణ్ణి మారాం చేసే పిల్లవానిగా చూడడమే. 'మేము బుజ్జగింపు కోరడం లేదు' అని మన వక్తలు వేదికలెక్కి సంజాయిషీ చెప్పుకొంటున్నారు. సంజాయిషీ మొదలైన క్షణాననే ఎదుటివాని మాట చెల్లుబాటైపోయినట్లు.

'మతతత్వం' కథ మరింత చిత్రమైనది. పదార్థం చూస్తే మతం యొక్క సారం అని అర్థం. అందులో నిందార్థమేదీ లేదు. కానీ పత్రికలు దానిని 'కమ్యూనలిజం' అన్న మాటకు సమానార్థకంగా స్థిరపరచాయి. ఫలితంగా అయిదు పూటలా నమాజు చేసే నిష్ఠాపరుడూ, పొరుగువాని ఇంటికి నిప్పు పెట్టే దుర్మార్గుడూ ఒకే మాట కింద చేరిపోయారు. మతోన్మాదం అనవలసిన చోట ఆ మాటే అనాలి. 'లౌకిక' అన్న మాటతోనూ చిక్కే ఉన్నది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ పీఠికలో చేరిన ఈ భావనకు హిందీ పాఠం 'పంథ్ నిరపేక్ష' అన్న మాటను ఎంచుకున్నది. తెలుగులో 'లౌకిక' నిలిచింది. లౌకికమంటే ప్రాపంచికం, దునియాదారీ. మన పెద్దలు ఆ మాట విని దీన్‌ను విడువమంటున్నారేమో అని శంకించడంలో వారి దోషమేమీ లేదు. రాజ్యానికి మతం ఉండరాదన్నదే అందలి భావం గాని, పౌరునికి ఉండరాదని కాదు. ఈ సంగతి మన మదరసాలలోనూ, మహల్లా సమావేశాలలోనూ వివరించి చెప్పే బాధ్యత ఉద్యమకారులది.

ఆదోనికి అనతిదూరంలోనే మంత్రాలయం ఉన్నది. ఆనాటి మంచాల గ్రామాన్ని రాఘవేంద్ర స్వామికి దానమిచ్చినవాడు ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ అని సంప్రదాయం చెబుతుంది. ఆదోనిలోని షాహీ జామియా మసీదు కూడా ఆయన హయాంలో వెలసినదే. ఏటా ఎవరో ఒకరు ఈ దానాన్ని తలచుకొని 'పరమత సహనం' అని శ్లాఘిస్తారు. వారి మంచి మనసును శంకించనక్కరలేదు. అయితే సహనం అంటే ఓర్పు. ఇష్టం లేనిదానినే మనిషి ఓర్చుకుంటాడు. రాజ్యాంగపు 14వ అధికరణం మనకిచ్చినది సమానత్వం. దానికి తక్కువైన మాటతో సరిపెట్టుకోవలసిన అగత్యం మనకు లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. 'మత రిజర్వేషన్లు' అన్న మాట ఇప్పుడు ఎన్నికల సభల నుండి మన సొంత కరపత్రాలలోకి కూడా చేరింది. ఈ మాటకు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో నూరేళ్ల పూర్వచరిత్ర ఉన్నది. 1953 వరకు ఈ రెండు ఊళ్లూ మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోనివి. ఆ రాష్ట్రంలో 1921లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వుకు 'కమ్యూనల్ జీ.వో.' అని పేరు. 1927 నాటి ఉత్తర్వు ప్రకారం ప్రతి పన్నెండు ఉద్యోగాలలో బ్రాహ్మణేతర హిందువులకు అయిదు, బ్రాహ్మణులకు రెండు, ముస్లింలకు రెండు, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి రెండు, అణగారిన వర్గాలకు ఒకటి. అంటే ఒకప్పుడు 'కమ్యూనల్' అన్నది తిట్టు కాదు, వాటాల లెక్క. బ్రాహ్మణులకూ అందులో వాటా ఉన్నదని నేడు ఎందరికి జ్ఞాపకం?

1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ కమ్యూనల్ జీ.వో.ను కొట్టివేసింది. ఆ తీర్పుకు జవాబుగా అదే ఏడాది రాజ్యాంగానికి తొలి సవరణ జరిగి, 15(4) అధికరణం వచ్చింది. 'సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులు' అన్న పదబంధం అక్కడ కీలకం. నాటి నుండి న్యాయస్థానంలో నిలిచేది ఈ మాటే. 2004లో ముస్లింలందరికీ కలిపి అయిదు శాతం ఇస్తూ వెలువడిన ఉత్తర్వు హైకోర్టులో నిలువలేదు. 2005 నాటి చట్టమూ నిలువలేదు. 2007 చట్టం దారి మార్చుకున్నది. దాని పేరులోనే 'సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం తరగతులు' అని ఉన్నది. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ధోబీలు, హజామ్‌లు, ఖురేషీలు, గారడీవారు, షేక్‌లు తదితరులను బి.సి.-ఇ గా గుర్తించి నాలుగు శాతం కేటాయించింది. సయ్యద్, మొఘల్, పఠాన్, బోహ్రా, ఖోజా వంటివారిని పేరుపేరునా మినహాయించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీనినీ కొట్టివేసినా, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కారణంగా అమలు కొనసాగింది.

మతం ఒక్కటే ప్రాతిపదిక అయి ఉంటే సయ్యద్‌ను ఎందుకు మినహాయిస్తారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు 'మత రిజర్వేషన్' అన్న మాటను తిరిగి వాడజాలరు. విచారమేమంటే ఈ ప్రశ్నను మనమే అడగడం లేదు. సభలో తీర్మానం రాసేటప్పుడు 'ముస్లిం రిజర్వేషన్లను కాపాడాలి' అని రాసి చేతులు దులుపుకుంటున్నాము. ప్రత్యర్థి వకీలుకు కావలసినది కూడా ఆ వాక్యమే.

ఇస్లాంలో కులాలు లేవు కదా, తరగతుల పేర్లు రాసుకోవడం దీన్‌కు విరుద్ధం కాదా అని కొందరు ధార్మికుల ఆక్షేపణ. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని దైవప్రవక్త (స) అంతిమ హజ్ ప్రసంగంలో చాటిన సంగతి ఎవరు కాదనగలరు? అయితే జాబితాలో ఉన్నది మన విశ్వాసం కాదు, మన దుస్థితి. పెళ్లి సంబంధం వద్ద 'వాళ్లు దూదేకులవాళ్లు' అని పెదవి విరిచేవారు, దరఖాస్తు వద్దకు వచ్చేసరికి 'మనలో తేడాలెక్కడివి' అనడం న్యాయమేనా? పత్తితో బతికిన ఆదోనిలో దూది ఏకినవాని పేరు గౌరవప్రదమై ఉండవలసింది. 'పింజారి' అన్న వృత్తినామం తెలుగులో తిట్టుగా మారింది. ఆ తిట్టును మన నోళ్లూ పలికాయి.

పేర్లు మారవని ఎవరైనా అంటే ఈ సీమ చరిత్రనే చూపవచ్చు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు ధారాదత్తం చేసిన నాటి నుండి దీనికి 'దత్త మండలాలు' అన్న పేరు అంటుకున్నది. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన నేల అన్న ఆ పేరును ఇక్కడి ప్రజలు సహించలేదు. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభ సందర్భంగా చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' అన్న పేరు నిలిచింది. (సినిమా పంపిణీదారులు మాత్రం నేటికీ 'సీడెడ్' అనే అంటున్నారు, వారి లెక్క వారిది.) ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సంఘం వల్ల 'సహకారం' అన్న పుస్తకాల మాటకు నూలు, మజూరీ అన్న అర్థాలు వచ్చాయి. సాహిత్యంలోనూ ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991), 'జల్‌జలా' కవితా సంకలనం (1998) దారి తీయగా 'ముస్లింవాదం' అన్న మాట స్త్రీవాదం, దళితవాదం సరసన నిలిచింది. 'వాదం' అన్న ప్రత్యయాన్ని ఉగ్ర, తీవ్ర అన్న విశేషణాల తరువాత మాత్రమే మన పేరుతో కలిపి వినిపించిన కాలంలో ఆ కవులు చేసిన పని చిన్నది కాదు.

ఈ పశ్చిమ మండలాలలో కరువు మనిషిని మతం అడగదు. మిరప కోతలకు గుంటూరు వైపు సాగే కుటుంబాలు దానిని 'సుగ్గి' అంటారు. కన్నడంలో అది పంట నూర్పిళ్ల పండుగ పేరు. పండుగ పేరుతో పస్తులను కప్పుకున్న మాట అది. ఆ సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలే మన పాఠశాలల హాజరు పట్టీలలో ముందుగా మాయమవుతున్నారు.

కనుక ఉద్యమకారులకు మా విన్నపం. జూన్‌లో బడులు తెరిచే ముందు ప్రతి మహల్లాలో ఒక పూట కూర్చోండి. ప్రవేశ పత్రంలో కులం గడిలో ఉత్త 'ముస్లిం' అని రాసి వదిలిన ఇళ్లెన్నో చూడండి. జాబితాలో ఆ పేరుతో తరగతి లేదు. ఆ తరువాత ధ్రువపత్రం కోసం మండల కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. షేక్ అయితే షేక్ అని, ఫకీర్ అయితే ఫకీర్ అని రాయించండి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్ బాషా కుటుంబాలు బి.సి.-ఇ కాదు, బి.సి.-బి అన్న సంగతి కూడా చెప్పండి. తీర్మానాలలో 'మత రిజర్వేషన్' అన్న మాట కొట్టివేసి, 2007 చట్టం పేరు పూర్తిగా రాయండి. పొడుగు పేరే అయినా ఒక్క మాట తగ్గించవద్దు.