వెల్లకిలా బజ్జో పాపాయీ!

పాలు తాగిన పాపాయి నిద్రలోకి జారుకుంది. అమ్మ వెల్లకిలా పడుకోబెట్టబోతుంటే అమ్మమ్మ అడ్డుపడింది. ‘కక్కుకుంటే పాలు గొంతుకి అడ్డం పడతాయే, బోర్లా వెయ్యి’ అంటూ. చాలా ఇళ్లలో ఉండే భయమే ఇది.

నిజానికి జరిగేది వేరు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు పైకెక్కి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం కష్టం. అదే బోర్లా పడుకుంటే శ్వాసనాళం కిందికొస్తుంది. పైగా ముక్కు పరుపులో కూరుకుపోతే తల తిప్పుకునే బలం పసికందుకి చాలదు.

ఒకప్పుడు పశ్చిమ దేశాల డాక్టర్లూ బోర్లా పడుకోబెట్టమనే చెప్పేవారు. ఆ సలహా ప్రమాదకరమని తేలాక 1991లో బ్రిటన్, 1994లో అమెరికా ‘వెల్లకిలానే’ అంటూ ప్రచారం మొదలుపెట్టాయి. దాదాపు పదేళ్లలో రెండు చోట్లా నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాలు సగానికి తగ్గాయి.

అందుకే ఏడాది నిండేవరకూ పగలైనా రాత్రయినా వెల్లకిలానే పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండూ, మెత్తటి బొమ్మలూ, బరువైన దుప్పట్లూ పక్కలో వద్దు. ఎండాకాలంలో పలుచని నూలు చొక్కా చాలు. అమ్మ గదిలోనే విడిగా పక్క వేస్తే మేలు. సిగరెట్ పొగ దరిచేరకూడదు.

మరి అమ్మమ్మ ముచ్చట? మెలకువగా ఉన్నప్పుడు, ఆమె కళ్లెదుటే పాపని కాసేపు బోర్లా వేయొచ్చు. మెడకి బలం, తలకి చక్కని ఆకారం వస్తాయి. ఆనక పాపాయి తనంతట తానే బోర్లాపడుతుంది. ఆ రోజు బొబ్బట్లు వండాల్సింది అమ్మమ్మే!