పిల్లలను కాచే చేపపై గాలమా?

హైదరాబాదు చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఆదివారం పూట రెండు రకాల గాలాలు కనిపిస్తాయి. ఒకటి వెదురుకర్రకు దారం కట్టి, వానపామును గుచ్చి, బెండు వైపు చూస్తూ కూర్చునే కుర్రవాడిది. రెండవది వేలు పోసి కొన్న కర్ర, రీలు, రబ్బరు కప్పలతో కారులో దిగే ఉద్యోగస్థుడిది. గాలం వేయడమే పాపమని నేననను. నీటి ఒడ్డున మౌనంగా ఒక పూట గడపడం ఈ నగరంలో దొరికే అరుదైన సుఖాల్లో ఒకటని నా నమ్మకం. నా అభ్యంతరమల్లా ఒక చేప విషయంలో, ఒక కాలంలో, ఒక పద్ధతి మీద.

ఆ చేప కొర్రమీను. మన తెలంగాణ రాష్ట్ర చేప. ఆ కాలం వానాకాలం. తొలకరికి నీరు చేరగానే కొర్రమీను జంట గడ్డీ నాచూ ఉన్న గట్టువార గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, వందల సంఖ్యలో, ఒకే గుంపుగా తిరుగుతాయి. గాలి పీల్చడానికి అవన్నీ కలిసి పైకి వచ్చినప్పుడు నీటి మీద ఒక ఎర్రని మచ్చ ఉడుకుతున్నట్టు కదులుతుంది. దాని కిందనే పెద్ద చేప కాపలా ఉంటుంది.

మన వేటగాళ్ళు వెతికేది సరిగ్గా ఆ మచ్చనే. దాని మధ్యలోకి రబ్బరు కప్పను విసురుతారు. ఒకటికి నాలుగుసార్లు విసిరితే పెద్ద చేప వచ్చి కసిగా కరుస్తుంది. అది ఆకలితో కరవడం కాదు. పిల్లల మీదికి వచ్చిన శత్రువును తరమడం. ఆ కాపలాబుద్ధినే ఎరగా వాడుకుని, పైగా దాన్ని నేర్పు అంటారు. దాక్కున్న చేప జాడ పట్టడం నేర్పు కావచ్చు గానీ, పిల్లలను విడిచి పారిపోలేని చేపను పట్టడంలో నేర్పేముంది?

"మేము చంపం, ఫోటో తీసుకుని వదిలేస్తాం" అనేవారున్నారు. "అది గాలి పీల్చే చేప, గట్టు మీద పది నిమిషాలున్నా ఏమీ కాదు" అని కూడా అంటారు. నిజమే, దానికేమీ కాకపోవచ్చు. కానీ ఆ పది నిమిషాలు కాపలా లేని పిల్లలను చుట్టుపక్కల చేపలు వదిలిపెడతాయా? ఫోటోలో నవ్వు మొహమూ మెరిసే చేపా పడతాయి. నీళ్ళలో జరిగింది పడదు.

మరికొందరి వాదన ఇంకా గట్టిది. "నగరం చెరువులకు చెరువులనే చంపుతుంటే మా గాలమే కనబడిందా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చను. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. పరిశ్రమల వ్యర్థజలాలే కారణమని మత్స్యకారులు మొత్తుకున్నారు. ఆ నేరం ముందు గాలం చాలా చిన్నది. కానీ ఈ వాదన తిరిగి వారికే తగులుతుంది. మురుగు చేరి ప్రాణవాయువు తగ్గిన నీటిలో బొచ్చె, రవ్వ ఉక్కిరిబిక్కిరై చస్తాయి. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. నగరం చంపగా మిగిలిన చేపను, అది పిల్లలను పెంచుకునే వేళ సరదాకు పట్టడం ఏ న్యాయం?

ఇంకో తేడా ఉంది. బొచ్చె, రవ్వ వంటివి మామూలుగా నిలవనీటి చెరువులో పిల్లలు పెట్టవు. ఏటా విత్తనం తెచ్చి వదలాలి. కొర్రమీను తన సంతానాన్ని తానే చెరువుకు ఇస్తుంది. ఒక జంటను చెడగొడితే పోయేది ఒక చేప కాదు, రేపటి పంట. ఆ పంట మీద ఆశపెట్టుకున్నవాడు ఆ చెరువులో వల వేసి ఇల్లు గడుపుకునే మత్స్యకారుడు. మృగశిర కార్తె నాడు నగరమంతా చేపల కోసం బారులు తీరేది అతని ముందే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల పాటు మరపడవలకు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని, వేట తప్ప మరో బతుకు లేనివాళ్ళు పడవలను ఒడ్డున కట్టేసుకుంటారు. వారంలో ఆరు రోజులు వేరే ఉద్యోగం చేసుకునేవాడు ఆ పాటి ఓర్పు చూపలేడా?

నేను గాలాన్ని విరిచేయమనడం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొర్రమీనును వదిలేయండి. ఎర్రని గుంపు కనిపిస్తే ఏ నెలలోనైనా అక్కడ గాలం వేయకండి. అంతగా చేతులు దురద పెడితే, చెరువు సంఘం వారిని అడిగి జిలేబీ చేపలను పట్టండి. ఎక్కడి నుంచో వచ్చి మన చెరువులను ఆక్రమించినవి అవి. ఎన్ని పట్టినా చెరువుకు మేలే.

చట్టం వచ్చి చెప్పేదాకా ఆగనక్కరలేదు. ఆ ఎర్రని మచ్చను గుర్తుపట్టగల కన్ను ఉన్నవారికి, దాన్ని చూసి గాలం వెనక్కి తీసుకోవడం కూడా తెలిసి ఉండాలి.