సింహం ముక్కులో ముప్పై వేల అక్షరాలు

పాతబస్తీ బహదూర్‌పురాలోని జూపార్కులో అడుగుపెట్టగానే పిల్లలు అడిగేది సింహం ఎక్కడనే. 2021 ఏప్రిల్‌లో ఆ సింహాలకే ఊపిరి పీల్చుకోవడం కష్టమైంది. 24న మత్తు ఇచ్చి వాటి ముక్కు, గొంతుల నుంచి నమూనాలు తీశారు. జూకి ఆమడ దూరం కూడా లేని అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ వారి లాకోన్స్ వాటిని పరీక్షించింది. ఎనిమిది సింహాలకు కరోనా అని మే 4న తేలింది. మరి కొత్త రకమా? అసలే రెండో దశ ఊపేస్తున్న రోజులు. సింహాలకు తిండి పెట్టేవాళ్లున్నారు, వాళ్లకూ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు... నమూనాలను ఇంకా లోతుగా విశ్లేషించి, ఆందోళన కలిగించే రకాలేవీ కావని చెప్పారు. సింహాలూ చికిత్సతో తేరుకున్నాయి.

ఇంతకీ రకం సంగతి ఎలా తెలుస్తుంది?

వైరస్ జన్యుక్రమమంటే ఏ, సీ, జీ, టీ అనే నాలుగక్షరాల పొడవాటి వరుస. (నిజానికి కరోనాది ఆర్‌ఎన్‌ఏ. అందులో టీ బదులు యూ ఉంటుంది. డేటాబేసుల్లో మాత్రం టీ అనే రాస్తారు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే!) వుహాన్ వైరస్‌ది 29,903 అక్షరాల వరుస. 2020 జనవరిలోనే దాన్ని అందరి ముందూ పెట్టారు. అమెరికాలోని ఎన్‌సీబీఐ వెబ్‌సైట్లో ఎన్‌సీ_045512 అని కొడితే ఇప్పటికీ వస్తుంది. పైసా ఖర్చు లేదు. శాలిబండలో డిగ్రీ చదివే అమ్మాయైనా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకోవచ్చు.

అదే వెబ్‌సైట్లో బ్లాస్ట్ ఉంది, 1990 నాటిది. మన దగ్గరున్న క్రమాన్ని అందులో అతికిస్తే దాన్ని పోలినవన్నీ శాతాలతో సహా చూపిస్తుంది. శాతం చూసి సంబరపడకూడదు. ముందు 'క్వెరీ కవర్' చూడాలి. ఇచ్చినదాంట్లో ఎంత భాగం సరిపోలిందో చెప్పేది అదే. చిన్న ముక్క నూటికి నూరు పాళ్లు కలిసినా మిగతాది వేరే కావచ్చు కదా! ఇంకో చిక్కు... 99.9 శాతం కలిస్తే రెండూ ఒకటేననిపిస్తుంది. కానీ మిగిలిన ఆ పిసరే దాదాపు 30 అక్షరాలు. రకం తేలేది వాటిలోనే. 23,403వ చోట ఏ పోయి జీ వచ్చింది, దాంతో స్పైక్ ప్రొటీన్‌లో 614వ అమైనో ఆమ్లం మారిపోయింది. 2020లో ప్రపంచమంతా అల్లుకుంది ఆ మార్పున్న వైరసే.

కాబట్టి బ్లాస్ట్ 'ఇది కరోనా' అనేవరకే. ఏ రకమో తెలియాలంటే నెక్స్ట్‌క్లేడ్ లాంటిది కావాలి. అది మార్పుల్ని ఒక్కొక్కటిగా ఎత్తిచూపి, వంశవృక్షంలో ఏ కొమ్మదో చెబుతుంది. చదవలేకపోయిన అక్షరం ఉన్నచోట ఎన్ అని ఉంటుంది. ఎన్‌లు మరీ ఎక్కువైతే ఆ ఫలితాన్ని నమ్మకపోవడమే మేలు.

పక్కనే తేదీ కూడా రాసిపెట్టుకోవాలి. సింహాల ఫలితం వచ్చింది మే 4న. మన దేశంలో మొదట కనిపించిన బి.1.617 రకాన్ని ఆందోళనకరమైనదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది మే 10న.