యంత్రాల ముచ్చట్లు: రెండు బోర్లు

పిల్లలూ! పోయిన వేసవి సెలవుల్లో నేను మా అక్కగారి ఊరు వెళ్ళాను. అది పెనుకొండ దగ్గర ఒక పల్లె. నేను వెళ్ళేసరికి ఇంట్లో పెద్ద వాదం జరుగుతున్నది. వాదమంతా ఒక పాత ఇంజనును గురించి.

బావిగట్టున రేకుల కొట్టంలో ఆరు గుర్రాల శక్తిగల డీజిలు ఇంజను పన్నెండేళ్ళుగా దుమ్ముకొట్టుకుని ఉన్నది. మా అక్క మామగారు పడుచుతనంలో కపిలె తోలడం మానేసి దాన్ని కొన్నారు. ఇప్పుడు పాత ఇనుము కొనేవాడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఊరికే తుప్పుపడుతోంది, తూకానికి ఇచ్చేద్దాం," అంటాడు మా బావ.

"బోరు చేయిస్తే లక్షణంగా నడుస్తుంది," అంటారు పెద్దాయన.

ఏడో తరగతి చదివే మా మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని, "మామా, బోరు పొలంలో గదా వేస్తారు? ఇంజనుకు బోరేమిటి?" అని అడిగాడు.

నేను ఇనుము కొనేవాణ్ణి మర్నాడు సాయంకాలం రమ్మన్నాను. "చూడకుండా తీర్పు చెప్పకూడదు. ముందు పరీక్ష చేద్దాం," అన్నాను.

ఇంజనులో సిలిండరు అనే గుండ్రని గొట్టం ఉంటుంది. అందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. మీరు సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుని చూశారా? వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది గనక. డీజిలు ఇంజనులో పిస్టన్ గాలిని సుమారు పదిహేనో వంతుకు నొక్కేస్తుంది. ఆ గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. అప్పుడు చిమ్మిన నూనె నిప్పు లేకుండానే భగ్గున మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఇటువంటి ఇంజనును నడిపి చూపాడు. ఆయన పేరే ఆ నూనెకు కూడా వచ్చింది.

మా అక్కవాళ్ళ ఇంజను లిస్టర్ రకానిది. ఈ రకాన్ని ఇంగ్లండులో 1929 నుంచి చేశారు. తరవాత మన దేశంలో రాజకోట కార్ఖానాలు అదే మచ్చున వేలకొద్దీ తయారుచేశాయి. అది నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి, మొత్తం 28 సెంటీమీటర్లు నడుస్తుంది. లెక్క కట్టండి: గంటకు సుమారు 11 కిలోమీటర్లు! అంటే నాలుగు గంటలు ఇంజను ఆడితే, పిస్టన్ కొట్టంలో ఉండే ఎన్నో కిలోమీటర్లు నడిచినట్టే. ఇన్నేళ్ళు అలా నడిస్తే ఇనుమైనా అరగదా? సిలిండరు అరిగితే సందులోంచి గాలి జారిపోతుంది. గాలి జారితే వేడి చాలదు, నూనె మండదు. అప్పుడు సిలిండరును లోపల సమంగా తొలిపించి, కాస్త లావు పిస్టన్ వేస్తారు. దాన్నే ఇంజనుకు బోరు చేయించడం అంటారు.

మొదట పెద్దాయన చక్రం తిప్పి చూశారు. తిరిగింది. అంటే పిస్టన్ తుప్పుతో పట్టెయ్యలేదు. తరవాత గాలి బిగించి తిప్పితే, చక్రం వెనక్కి తన్నవలసింది తన్నలేదు. లోపల "ఉస్సు" మని చప్పుడైంది.

"విన్నావా అబ్బీ? గాలి జారుతోంది," అన్నారాయన.

ఆయిలు కిందికి దించి చూశాం. అందులో నీళ్ళూ లేవు, ఇనుపరజనూ లేదు. పిస్టన్ తిప్పే క్రాంకు షాఫ్టు లొడలొడలాడలేదు. పొద్దున్నే సిలిండరు విప్పి హిందూపురంలో ఒక లేతు మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాం. కొత్తలో దాని అడ్డకొలత 114.3 మిల్లీమీటర్లు. ఇప్పుడు అడుగున అంతే ఉంది గాని, పైభాగాన అర మిల్లీమీటరు ఎక్కువుంది. పైన వేడీ ఒత్తిడీ ఎక్కువ, ఆయిలు తక్కువ. అందుకని అక్కడే ఎక్కువ అరుగుతుంది. పగుళ్ళు మాత్రం ఎక్కడా లేవు.

ధర్మవరంలో మా నాయన మగ్గం నేసేవాడు. "పడుగు గట్టిగా ఉంటే తెగిన పేక మార్చుకోవచ్చు. పడుగే చివికితే ఎంత పేక పోసినా దండుగ," అనేవాడు. ఇంజనుకు క్రాంకు షాఫ్టూ దిమ్మా పడుగువంటివి. పిస్టన్, రింగులు, బేరింగులు పేకవంటివి. ఈ ఇంజనుకు పడుగు గట్టిగానే ఉన్నది.

"అయితే బోరు చేయిద్దామా మామా?" అని మేనల్లుడు ఎగిరి గంతేశాడు.

"ఉండు, ఇంకొకటి కొలవలేదు," అన్నాను.

ఇంటికి వచ్చి ఒక తాడుకు రాయి కట్టాం. పెద్దాయన దగ్గర నిలబడి వాణ్ణి పట్టుకుంటే, వాడు తాడు బావిలోకి వదిలాడు. గట్టు మీది పంపు దగ్గరనుంచి నీటిమట్టం దాకా 42 అడుగులు వచ్చింది. వాడు అంకె చెప్పగానే పెద్దాయన మొహం వాడిపోయింది.

ఎందుకంటే, గట్టు మీది పంపు నీటిని లాగదు. అది గొట్టంలో గాలిని తీసేస్తే, బయటి గాలి బరువే నీటిని పైకి తోస్తుంది. ఆ బరువు సముద్రమట్టం దగ్గర నీటిని 10 మీటర్ల పైచిలుకు ఎత్తుకు మాత్రమే తొయ్యగలదు. మన సీమవంటి ఎత్తయిన చోట ఇంకా కొంచెం తక్కువ. గొట్టంలో రాపిడీ మొదలైనవి పోగా 7 మీటర్లు, అంటే 23 అడుగులు దక్కితే గొప్ప. ఇంజనుకు ఎంత బలమున్నా ఇంతే!

"నేను ఇంజను కొన్ననాడు నీళ్ళు పదిహేనడుగుల్లోనే ఉండేవి," అన్నారు పెద్దాయన మెల్లిగా.

మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. భూమిలోకి ఇంకే నీటికన్న బోర్లు తోడే నీరు ఎక్కువైతే మట్టం దిగిపోక తప్పదు. ఇంజను బోరు అరిగింది అర మిల్లీమీటరు. పొలం బోరు దిగింది వందల అడుగులు. మొదటిదాన్ని మేస్త్రి బాగుచెయ్యగలడు. రెండోదాన్ని వానా, చెరువులూ, మన పొదుపూ బాగుచెయ్యాలి.

"ఇంజనునే బావిలోకి దించితే?" అన్నాడు మేనల్లుడు.

పెద్దాయన ఉలిక్కిపడి, "ఆ మాట ఎప్పుడూ అనకు అబ్బీ!" అన్నారు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బావిలో అది నిలిచిపోతే, దిగినవాడు ఊపిరాడక పడిపోతాడు. కాపాడబోయినవాడూ పడిపోతాడు. పిల్లలూ, ఇది బాగా గుర్తుంచుకోండి.

సాయంకాలం ఇనుము కొనేవాడు మళ్ళీ వచ్చాడు. పెద్దాయన ఇంజను మీద చెయ్యి వేసి, "దీనికి జబ్బు చిన్నదే. పనే లేదు," అన్నారు. కొట్టంలో ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు నాకు మా చిన్నాన్న జ్ఞాపకం వచ్చాడు. ఆయనకు ధర్మవరం చెరువు కింద పొలం ఉన్నది. నీళ్ళు పదడుగుల్లోనే ఉంటాయి గాని, అక్కడికి కరెంటు స్తంభాలు లేవు. ఫోను చేస్తే, బోరు ఖర్చు పెట్టుకుని ఇంజను తీసుకుపోతానన్నాడు. తూకం కన్న రెండింతలు ధర కూడా ఇస్తానన్నాడు. మా బావ సరేనన్నాడు. పెద్దాయన మాత్రం ఒక షరతు పెట్టారు: "మొదటిసారి స్టార్టు చేసేనాడు నాకు వినిపించాలి!"

నెల తిరిగాక ధర్మవరం నుంచి ఫోను వచ్చింది. "డుబ్, డుబ్, డుబ్!" పెద్దాయన కళ్ళు మూసుకుని, గడియారం మేనల్లుడి చేతికిచ్చి, నిమిషంపాటు లెక్క పెట్టారు. రెండు చుట్లకు ఒక దెబ్బ కనక 325 దెబ్బలు పడాలి.

"మూడు వందలే కొడుతోంది. గవర్నరు సరిచేసుకోమను," అన్నారు. అంటూనే తువాలుతో కళ్ళు తుడుచుకున్నారు.

కాబట్టి పిల్లలూ, మీ ఇంట్లో పాత యంత్రం బాగుచేయించే మాట వస్తే మూడు ప్రశ్నలు అడగండి: దాని పడుగు గట్టిగా ఉన్నదా? బాగుకయ్యే ఖర్చు దాని విలువకు తగునా? బాగయ్యాక అది చేసే పనేమిటి? మూడో ప్రశ్ననే అందరూ చివరికి అడుగుతారు. మీరు మొదట అడగండి.

ఈ నెల లెక్క: మా చిన్నాన్న ఇంజను నిమిషానికి 300 దెబ్బలు కొడుతున్నప్పుడు దాని చక్రం ఎన్ని చుట్లు తిరుగుతున్నట్టు? అప్పుడు పిస్టన్ గంటకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తున్నట్టు? కట్టి చూసి, మీ నాన్నగారిచేత సరిచూపించుకోండి.