గోదావరి గట్టుమీద మోటారు ప్రయాణము



క్రిందటి నెలలో మనలో నొక సోదరి జాబు వ్రాసినది. ఆమె కారు నడుపుట నేర్చి, లైసెన్సు పొంది రెండేండ్లయినదట. ఐనను ఆ కారు పిల్లల బడికిని, కూరల బజారునకును తప్ప ఊరి పొలిమేర దాటలేదట. మగతోడు లేక దూరప్రయాణ మేమిటని ఇంటి పెద్దలు సందేహించుచున్నారట. ఆడువారము మేమే నడుపుకొని పోదగిన దారి యేదైన గలదా యని ఆమె ప్రశ్న. ఇట్టి ప్రశ్నకు వాదముకంటె దారిని చూపుటయే మేలు. మొన్న పుష్యమాసమున మా అత్తగారును, ఆమె కుమార్తెయగు మా వదినగారును, నేనును రాజమహేంద్రవరమునుండి అంతర్వేదివఱకు పోయివచ్చితిమి. అత్తగారికి ఎనుబదియేండ్లు. నేనును వదినగారును వంతులవారీగా కారు నడిపితిమి.

దూరము నూఱు కిలోమీటర్లకు కొంచెము మించును. పెద్ద రహదారిన పోవువారికి జొన్నాడవద్ద వంతెనపై గౌతమి రెండు నిమిషములు కనబడి మాయమగును. మేము ధవళేశ్వరము మీదుగా పోయితిమి. ఆర్థరు కాటను దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టకు బదులుగా 1970 తరువాతి సంవత్సరములలో కట్టిన బ్యారేజి నేడచ్చట నున్నది. దానిమీది బాటనే కారు పోవును. అది యొక వంతెన కాదు. నడుమ లంకలు అడ్డుపడుటచే ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నున్నది. ఈ గోడ లేనినాడు నది సముద్రమునకు పోవుటయే గాని పొలమునకు వచ్చుట తక్కువ.

బొబ్బర్లంకవద్ద ఎడమకు తిరిగినచో కాలువగట్టు దారి దొరకును. ఇక చూడవలసినదంతయు ఇచ్చటనే. ఒక ప్రక్క నిండుకాలువ, రెండవ ప్రక్క గట్టుకు దిగువగా పొలములు. కొబ్బరిచెట్ల మొవ్వులు మన కంటికెదురుగా నుండును. ఉదయము ఎనిమిది గంటలవఱకును మంచు కాలువను వదలదు. అప్పుడు దాళ్వా ఊడ్పులు జరుగుచుండెను. చీరచెఱగులు బిగించి వరుసగా వంగియున్న స్త్రీలను చూచినపుడు, మన ప్రయాణమును మనము గొప్పగా చెప్పుకొనుటకు కొంత సిగ్గు కలుగును.

గట్టుదారి ఇఱుకు. చాలచోట్ల అంచున పిట్టగోడ లేదు. ముప్పది కిలోమీటర్ల వేగము మించరాదు. ఎదుట బస్సు వచ్చినచో, వెడల్పున్న తావు చూచుకొని ముందుగానే ఆగుట మంచిది. మెత్తని అంచుమీదికి చక్రము దింపరాదు. కోతలకాలమున రోడ్డు సగమువఱకు ధాన్యము ఆరబోయుదురు. అది వారి యేడాది కష్టము, దానిపైనుండి కారు పోనీయకుడు. చీకటి పడిన తరువాత ఈ దారి పనికిరాదు.

ఆత్రేయపురమున పూతరేకులు చేయు ఇంటిముందు ఆగితిమి. కుండను బోర్లించి, లోపల కొబ్బరియాకుల మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి పఱతురు. రెప్పపాటులో పొర లేచివచ్చును. ఆ వేడి దగ్గఱ ఉదయమునుండి కూర్చుండువారు స్త్రీలే. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది.

తరువాత లొల్ల లాకులు. లాకనగా కాలువకు అడ్డముగా రెండు తలుపుల నడుమ కట్టిన తొట్టి. పడవ దానిలోనికి వచ్చిన వెనుక నీటిని నింపియో వదలియో, ఎగువ మట్టమునుండి దిగువకు, దిగువనుండి ఎగువకు దానిని దాటింతురు. లాకులు సమీపించగానే మా అత్తగారు "అమ్మాయీ, ఇక్కడ కాస్త ఆపవచ్చునా?" అని మెల్లగా అడిగి, ఎవరైన కాదందురేమో యన్నట్లు వదినగారి ముఖము చూచినది. కారు ఆపితిమి. పెండ్లియైన క్రొత్తలో సామానుల పడవలో ఆమె ఈ కాలువనే కాపురమునకు వచ్చినదట. లాకు నిండువఱకు పడవ నిలిచియుండగా గట్టుపై దిగవలెనని మనసైనను, క్రొత్తకోడలు గనుక నోరు విప్పలేదట. ఆపై ఎన్నియో మార్లు బస్సులో ఈ దారిన పోయినదిగాని, బస్సు మన కోసము ఆగునా? ఆమె లాకుమెట్టుపై కూర్చుండి అరగంటవఱకు మాటాడలేదు. వదినగారు ఫ్లాస్కునుండి కాఫీ పోసి ఇచ్చినది. మేము తొందరపెట్టలేదు. తొందరపెట్టుటకు డ్రైవరు లేడు, గడియారము చూచు మగవారును లేరు.

ర్యాలిలో జగన్మోహినీకేశవస్వామిని సేవించితిమి. ఒకే శిలలో ముందు కేశవుడు, వెనుక మోహిని. అర్చకుడు వెనుకవైపు దీపము చూపునపుడు కొప్పు చెక్కడమును తప్పక చూడుడు. రావులపాలెము, కొత్తపేట, అమలాపురము పెద్ద ఊళ్లు, రద్దీ హెచ్చు. పెట్రోలు అచ్చటనే పోయించుకొనవలెను. బంకులలోని మరుగుదొడ్లను ఆ సమయముననే ఉపయోగించుకొనుట మేలు. ఈ విషయమును ప్రయాణపు వ్యాసములలో ఎవరును వ్రాయరు. ఆడువారికి మాత్రము ఇది ముఖ్యము.

అమలాపురము దాటిన పిమ్మట బోడసకుఱ్ఱువద్ద వైనతేయను దాటుదుము. అవతల పాశర్లపూడి. 1995 జనవరిలో అచ్చటి గ్యాసుబావి అంటుకొని 65 దినములు మండినది. మరుసటి యేడు నవంబరు 6వ తేదీని వచ్చిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములను తీసి, కోనసీమ కొబ్బరితోటలను పడగొట్టినది. నేడు మనము చూచి మురియు తోటలలో చాలభాగము ఆ తరువాత నాటినవే. కావున కార్తికముననైన వాతావరణ వార్త వినకుండ బయలుదేరకుడు. శ్రావణ భాద్రపదములు వరదకాలము. ధవళేశ్వరమున నీరు 11.75 అడుగులకు వచ్చినపుడు మొదటి హెచ్చరిక, 17.75 అడుగులకు మూడవది. ఆ దినములలో లంకలవైపు పోరాదు. నడివేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక గట్టుదారికి అందముండదు. మార్గశిరమునుండి మాఘమువఱకు అనుకూలకాలము.

రాజోలు దాటిన తరువాత చక్రము పంచరైనది. పెద్దలు భయపడునది దీనికే కదా! మేమిద్దరమును బయలుదేరుటకు ముందు ఇంటివాకిట రెండుమార్లు చక్రము మార్చి అలవాటు చేసికొనియుంటిమి. జాకీ పెట్టుటకు ముందే నట్లు కొంచెము వదులుచేయవలెను, లేనిచో చక్రము గాలిలో తిరుగును. ఇరువది నిమిషములు పట్టినది. సైకిలుపై పోవు ఒక తాతగారు దిగి, స్టెపినీలో గాలి చాలునో లేదో చూచి పోయినాడు. మఱేమియు జరుగలేదు. ఆపద కలిగినచో 112కు ఫోను చేయవచ్చును. ఎచ్చట నున్నామో గంటకొకమారు ఇంటికి తెలుపుచుండిన పెద్దలకును నిశ్చింత.

అంతర్వేదిలో వసిష్ఠ సముద్రమున కలియును. గోధుమరంగు నీరును నీలపునీరును చాలదూరము కలియక ప్రక్కప్రక్కన పోవుచుండెను. సంగమమున నీటిలోని లాగుడు బలమైనది, స్నానమునకు దిగకుడు. కారును ఇసుకలోనికి తీసికొనిపోకుడు. నరసింహస్వామి రథము 2020లో కాలిపోగా క్రొత్తరథమును చేయించినారు. మాఘమున జరుగు కల్యాణోత్సవ దినములలో జనసమ్మర్దము మెండు. అప్పుడు కారుకంటె బస్సు నయము. రాత్రి దిండిలో వసిష్ఠ ఒడ్డున బసచేసితిమి. బస ముందుగా మాటాడుకొనవలెను.

మఱునాడు తిరుగుదారిలో కారును వదినగారు నడిపినది. అత్తగారు వెనుకసీటు మాని ముందుసీటున కూర్చుండి, ఆపవలసిన చోటులను ముందుగనే చెప్పుచువచ్చినది. ఏడు చోట్ల ఆగితిమి.

సఖినేటిపల్లి రేవునుండి పంటుమీద నరసాపురము దాటుట మఱియొక వేడుక. పంటు నడచుచున్నదో లేదో రేవున విచారించి పోవలెను, నది పోటున నున్నప్పుడు ఆపివేయుదురు. అది లేనినాడు దిండి ప్రక్కనున్న చించినాడ వంతెనపై వసిష్ఠను దాటవచ్చును. ఆవలియొడ్డున కుఱుచ సూదితో లేసు అల్లు స్త్రీల వీధులు కలవు. వారి పని గుఱించియు, వారికి ముట్టు కూలి గుఱించియు వచ్చునెల వ్రాయుదును.