సమాధి రాతిమీద మన లిపికి ఒకరి అనుమతి కావాలా?

కన్నవారి సమాధి రాతిమీద నాలుగు మాటలు ఏ నుడిలో చెక్కించాలన్నది ఆ ఇంటివారు తేల్చుకోవలసిన విషయం. ఆ నిర్ణయం శ్మశానవాటిక నిర్వాహకులదీ కాదు, మతాధికారులదీ కాదు. ఇంగ్లండులో ఒక కుటుంబం ఈ హక్కుకోసం రెండు న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా పాతుకొనిపోయిన తెలుగు కుటుంబాలు ఆ కథను తప్పక తెలుసుకోవాలి.

కోవెంట్రీ నగరం చేరువలో ఎక్సాల్ అనే ఊరున్నది. అక్కడి సెయింట్ గైల్స్ చర్చి ఆవరణలో శ్మశానమున్నది. ఆంగ్లికన్ చర్చి ఏలుబడిలోని ఇటువంటి స్థలాలలో రాతి ఎత్తు, రంగు, పూలకుండీ ఉండవలసిన చోటు, చెక్కించే మాటలు, అన్నింటికీ నియమాలున్నాయి. నియమాలకు లోబడినదైతే స్థానిక పాదిరి అనుమతిస్తాడు. ఏమాత్రం భిన్నమైనా చర్చి న్యాయస్థానానికి వెళ్ళవలసిందే. ఐర్లండు నుంచి వచ్చి ఆ ప్రాంతంలో జీవితమంతా గడిపిన ఒక తల్లి 2018లో కన్నుమూసింది. 'ఎన్నటికీ మా గుండెల్లోనే' అని అర్థమిచ్చే చిన్న వాక్యాన్ని ఆమె నుడియైన ఐరిష్‌లో చెక్కిస్తామని పిల్లలు అడిగారు. రాతి రూపానికి అభ్యంతరం రాలేదు. అభ్యంతరమల్లా ఆ వాక్యానికే! ఇంగ్లీషు అనువాదం తోడుంటే తప్ప వీలుకాదని 2020లో తీర్పు వెలువడింది. చూసేవారిలో అనేకులకు అది అర్థం కాదనీ, ఐరిష్ నుడి చుట్టూ ఉన్న ఉద్వేగాల మూలంగా దానిని రాజకీయ నినాదంగా పొరబడే అవకాశమున్నదనీ న్యాయాధికారి కారణాలు చూపాడు. కన్నతల్లిమీది ప్రేమ రాజకీయ నినాదమైపోయింది! కుటుంబం వెనుదీయలేదు. చర్చి పై న్యాయస్థానమైన ఆర్చెస్ కోర్టు 2021 ఫిబ్రవరిలో వారి విన్నపాన్ని మన్నించి, అనువాదం లేకుండానే ఆ వాక్యాన్ని చెక్కించుకోవచ్చునన్నది.

'కింద ఒక ఇంగ్లీషు పంక్తి వేసుకొంటే పోయేదేమిటి?' అని మనవారే కొందరు అడుగుతారు. పోయేదేమిటో చెబుతాను. ఇంగ్లండు చర్చిలలో లాటిన్ శాసనాలు కోకొల్లలు. ఈనాటి ఊరిజనంలో వాటిని చదవగలవారెందరు? ఐనా వాటికింద అనువాదం చెక్కించమని ఎవరూ నిలదీయరు. కాబట్టి అర్థం కాకపోవడం అసలు అభ్యంతరం కానే కాదు. పెత్తనం చేసిన నుడి అర్థం కాకపోయినా గంభీరంగా కనబడుతుంది, వలసవచ్చిన కూలివాని నుడి మాత్రం అర్థం కాకపోతే అనుమానాస్పదమవుతుంది. పొరుగు నుడిని మన ఇష్టంతో పక్కన చేర్చుకోవడం మర్యాద. చేర్చకుంటే రాయి నిలబెట్టనివ్వమనడం దబాయింపు. హోసూరులో తెలుగుతోపాటు తమిళం, బళ్ళారిలో తెలుగుతోపాటు కన్నడం చెక్కించుకొనే కుటుంబాన్ని నేనెన్నడూ తప్పుపట్టను.

మన రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండంలో భాష, లిపి, సంస్కృతి అని మూడింటినీ విడివిడిగా పేర్కొని, వాటిని కాపాడుకొనే హక్కు ఆయా పౌరసమూహాలకు ఉన్నదని ప్రకటించింది. లిపి అనే మాట అక్కడ ఊరకే పడలేదు. నాలుకమీది నుడి మనిషితో పోతుంది, రాతిమీది లిపి మిగులుతుంది. పురపాలక సంఘమో పంచాయతీయో నడిపే శ్మశానంలో ఎవరైనా తెలుగు అక్షరాలకు అడ్డుచెబితే మనం ముందుగా చూపవలసింది ఈ అధికరణమే.

నియమాలే వద్దని నేననడం లేదు. ఈస్టరు వేకువన సమాధులకు సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించే తెలుగు క్రైస్తవ కుటుంబాలున్నాయి. నవంబరు 2న సమాధుల పండుగ చేసుకొనేవారున్నారు. కరీంనగరులో దళిత కుటుంబాలు దీపావళినాడు పెద్దల సమాధుల దగ్గరే దీపాలు పెడతాయి. ఇంత జనం చేరేచోట ప్లాస్టిక్ దండలు గుట్టలు పడకూడదు, ఒకరి సిమెంటు గద్దె పక్కవారి చోటును ఆక్రమించకూడదు, వాడిన పూలను ఫలానా రోజులోగా తీసివేయాలి. ఇవి న్యాయమైన కట్టడులే. ఐతే వాటిని తెలుగులోనూ రాసిపెట్టండి! అల్పసంఖ్యాక భాషవారు 15 నుంచి 20 శాతమున్న ప్రాంతాలలో ముఖ్యమైన ప్రకటనలను, నియమాలను వారి నుడిలోనూ ప్రచురించడం మేలని కేంద్ర హోంశాఖ 1956 నాటి పత్రంలోనే సూచించింది. యానాంలో ఐతే 1965 నాటి అధికార భాషా చట్టమే తెలుగు వాడకానికి చోటిచ్చింది. చదవలేని బోర్డును మీరినందుకు అమ్మ సమాధిమీది దండను పారిశుద్ధ్య కార్మికుడు ఎత్తి చెత్తబండిలో వేస్తే, అందులో ఆ కార్మికుని తప్పేమున్నది?

ఇక మన ఇంటి సంగతి. ఎక్సాలులో తీర్పు కావలసివచ్చింది. మన దగ్గర తెలుగు రాళ్ళు తగ్గిపోవడానికి ఏ తీర్పూ అక్కరలేదు. 'చెక్కేవానికి తెలుగు రాదు' అని ఒకరంటారు, 'మనుమలు చదవలేరుగదా' అని మరొకరంటారు. మొదటిది సాకు. శిల్పికి నుడి రానక్కరలేదు, గీత కనబడితే చాలు. అక్షరాలను రాతి కొలతకు పెద్దవిగా అచ్చు తీసి ఇవ్వండి. వాటిమీదుగా గీత దించుకొని చెక్కుతాడు. ఒత్తులు, గుడులు సరిగా పడ్డాయో లేదో ఉలి పెట్టకముందే తెలుగు బాగా వచ్చిన పెద్దవారొకరు సరిచూడాలి. ఒత్తు జారిన పేరు రాతిమీద తరాలపాటు అలాగే ఉంటుంది.

రెండవది సాకు కాదు, నిజం. అదే నాకు ఎక్కువ బాధ. ఆ ఐరిష్ తల్లి పిల్లలకు ఆ నుడి కావాలనిపించింది గనుకనే పోరాటం నడిచింది. తాత పేరును తాత లిపిలో చదవలేని పిల్లవాడు రేపు ఏ న్యాయస్థానానికి వెళతాడు, ఎందుకు వెళతాడు? సెలవులలో వానికి యాభైయారు అక్షరాలూ నేర్పడానికి ప్రభుత్వపు బడి కావాలా, అనుమతి పత్రం కావాలా?

ఎక్కడైనా తెలుగు చెక్కడానికి వీలులేదని నోటిమాటగా చెబితే తిరిగి రాకండి. ఏ నియమం ప్రకారమో రాసి ఇమ్మని అడగండి. రాసి ఇస్తే నకలు తీసి, 350బి అధికరణం కింద ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయానికి ఫిర్యాదుతో జతచేసి పంపండి. రాసి ఇవ్వకపోతే, అడిగిన తేదీ, చోటు, అధికారి హోదా వేసి మీరే రాసి పంపండి.